బోటుకు ఎన్ని బిందెలు పోయాలి?

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మన తీరంలో చేపల వేట నిషేధం, ఇంజను ఉన్న బోట్లన్నీ ఒడ్డెక్కుతాయి. బోటును శుభ్రంగా కడిగి, మరమ్మతు చేసి, రంగు వేసుకునే కాలం అదే. ఊళ్ళో మంచినీళ్ళు అడుగంటే కాలమూ అదే. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఇదే బాధ, అందుకని ఈసారి శీర్షిక మొత్తం దీనికే ఇస్తున్నాను.

ప్రశ్న: అన్నయ్యా, మాది కొత్తపట్నం దగ్గర పల్లెపాలెం. ట్యాంకర్ మూడు రోజులకొకసారి వస్తోంది, ఇంటికి పన్నెండు బిందెలు. మా ఆయన వేట నుంచి రాగానే అందులో ఆరు బిందెలు తీసుకెళ్ళి ఫైబర్ బోటుకూ ఇంజనుకూ పోసేస్తున్నాడు. ఇదేంటని అడిగితే, కడగకపోతే ఇంజను పోతుంది, ఇంజను పోతే ఏం తింటాం అంటాడు. ఆ మాటా కాదనలేను. కానీ పిల్లల స్నానాలు మాన్పించి బోటుకు పోయడం నాకు మనసొప్పడం లేదు. అసలు బోటుకు ఎన్ని నీళ్ళు కావాలి?

జవాబు: చెల్లెమ్మా, మీ బిందె పదిహేను లీటర్లది అనుకుంటే రెండు బిందెలు చాలు. ఇంజనును డ్రమ్ములో తిప్పడానికి ఇంకో బిందె, అదీ తాగే నీళ్ళు కానక్కర్లేదు, దాని సంగతి కింద రెండో జవాబులో చెప్పాను. మిగతా మూడూ మీ ఇంట్లోనే ఉండాలి.

మీ ఆయన భయం నిజమైనదే, నేనేమీ కొట్టిపారేయను. సముద్రపు నీళ్ళలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. నీళ్ళు ఆరిపోతాయి గానీ ఉప్పు ఎక్కడికీ పోదు. బోల్టు తల కిందా, క్లాంపు సందులోనూ తెల్లగా పేరుకుని, రాత్రి గాలిలో తేమను పీల్చుకుని మళ్ళీ తడి అవుతుంది, అంటే బోటు ఒడ్డున ఊరికే ఉన్నా ఇనుము తుప్పు పడుతూనే ఉంటుంది. బ్యాటరీ దగ్గర వైరు చివర చూడమనండి, రాగి తీగ మీద ఆకుపచ్చ పొడి కనిపిస్తే అది ఉప్పు చేసిన పనే.

కానీ ఉప్పు తినేది లోహాన్ని, వైర్లను. ఫైబర్ ఒంటికి దానివల్ల పెద్ద నష్టం లేదు, దానికి ఎక్కువ చెరుపు చేసేది ఎండ. అలాంటప్పుడు బోటంతా మంచినీళ్ళతో కడగడం ఎందుకు? రక్తం, పొలుసు, బురద పోవాలంటే సముద్రపు నీళ్ళు చాలు, అదీ ఒడ్డుకు వచ్చాక కాదు. వలలు సర్దుకుని తిరిగి వచ్చేటప్పుడే, ఉప్పుటేట్లోకి రాకముందే, బయట తేటగా ఉన్న నీళ్ళు రెండు బకెట్లు తోడి బ్రష్‌తో రుద్దేయాలి. పొలుసు తడిగా ఉన్నప్పుడు ఒక్క తోపుకు పోతుంది, అదే ఎండలో గంటసేపు ఆరితే గోకినా రాదు, ఇంట్లో బిందెలు ఖర్చయ్యేది అక్కడే. ఒడ్డు దగ్గరి నీళ్ళలో డీజిలూ మురుగూ ఉంటాయి, అక్కడ తోడొద్దు. బట్టల సబ్బు సముద్రపు నీళ్ళలో నురగ రాదు, విరిగిపోయి జిడ్డుగా అంటుకుంటుంది. గిన్నెలు కడిగే లిక్విడ్ అయితే కాస్త నురగ వస్తుంది. రెండు మూతలు చాలు, ఎక్కువ పోస్తే దాన్ని కడగడానికే మళ్ళీ నీళ్ళు కావాలి.

ఇక మంచినీళ్ళు పోయాల్సిన చోట్లు: ఇంజను పైభాగం, క్లాంపులు, బోల్టులు, వైర్ల జాయింట్లు, బ్యాటరీ చుట్టూ, ఐస్ బాక్సు. వీటికి బకెట్‌తో గుమ్మరించొద్దు. పొలాల్లో మందు కొట్టే 16 లీటర్ల స్ప్రేయర్ ఉంటుంది కదా, మిర్చికీ పొగాకుకూ వాడేది, అలాంటిది కొత్తది ఒకటి నలుగురు కలిసి కొనుక్కోండి. సన్నటి తుంపర సందుల్లోకి పోయి ఉప్పును కరిగిస్తుంది, మీరు సగం ట్యాంకు కొట్టేసరికే పని అయిపోతుంది. ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను, పురుగుమందు కొట్టిన పాత స్ప్రేయర్ ఎంత కడిగినా సరే బోటు దరిదాపులకు తేవద్దు. మనం తినే చేప పెట్టే చోటు అది.

నీళ్ళ చుక్క లేకుండా చేసే పని కూడా ఒకటుంది. తెల్లవారుజామున బోటు అంచు మీద చేత్తో నిమిరి చూడండి, తడి తగులుతుంది. ఉప్పు రాత్రంతా తేమను లాక్కుని కరిగి అలా కూర్చుంటుంది. పొద్దెక్కకముందే పాత నూలు లుంగీ ముక్కతో తుడిచేస్తే ఆ ఉప్పు గుడ్డకు వచ్చేస్తుంది. ఆ గుడ్డను కొంచెం తడిపి పిండుకుని ఇంకోసారి తుడవండి. ఎండ వచ్చాక చేస్తే మాత్రం లాభం లేదు, ఎండిన ఉప్పు గరుకుగా గీతలు పెడుతుంది.

ప్రశ్న: అన్నా, మాది అల్లూరు మండలం ఇసకపల్లి వైపు. అవుట్‌బోర్డ్ ఇంజను, బోటు వెనక బయట బిగించేది. ఇంజను లోపల కడగడానికి మా దగ్గర ఉన్న నీళ్ళు మూడు రకాలు: బోరు నీళ్ళు (నోట పోసుకుంటే ఉప్పగా ఉంటాయి), బకింగ్‌హామ్ కాలువ నీళ్ళు, ఊళ్ళో ఆర్వో ప్లాంటు వాళ్ళు బయటికి వదిలేసే నీళ్ళు. దేనితో కడిగినా ఒకటేనా?

జవాబు: ఒకటి కాదు తమ్ముడూ. కాలువ నీళ్ళు వద్దు. మన తీరంలో ఆ కాలువ పొడుగునా ఆటుపోట్లకు సముద్రపు నీళ్ళు ఎక్కుతుంటాయి, దాంతో కడగడమంటే ఉప్పును ఉప్పుతో కడగడమే. మిగతా రెండూ నోటితో తేల్చకు, ఒక టీడీఎస్ మీటరు కొనుక్కో, లీటరు నీళ్ళలో ఎన్ని మిల్లీగ్రాముల లవణాలు కరిగి ఉన్నాయో చూపిస్తుంది, పెన్ను అంత ఉంటుంది, పెద్ద ఖర్చు కాదు. సముద్రపు నీళ్ళ టీడీఎస్ సుమారు 35,000. తాగే నీళ్ళకు 500 లోపు ఉంటే మంచిది, వేరే దారి లేనప్పుడు 2,000 దాకా ఒప్పుకుంటారు. నీ ఆర్వో వదిలేసే నీళ్ళు 2,000 చూపించాయనుకో, నోటికి పనికిరావు గానీ సముద్రపు నీళ్ళలో ఉన్న ఉప్పులో పదిహేడో వంతే వాటిలో ఉన్నట్టు. ఇంజనుకు మొదటి కడుగు దాంతో హాయిగా చేసుకోవచ్చు. ప్లాంటు నుంచి వృథాగా పోయే ఆ నీళ్ళను క్యానుల్లో పట్టుకోవడానికి ప్లాంటు వాళ్ళతో ఒక మాట మాట్లాడుకోండి. బోరు నీళ్ళు కూడా అంతే, మీటరు ఎంత చూపిస్తే దాన్ని బట్టి.

పద్ధతి చెబుతాను. పెద్ద ప్లాస్టిక్ డ్రమ్మును అడ్డంగా కోస్తే 80 లీటర్లు పట్టే తొట్టి అవుతుంది. ఇంజను కింది భాగం అందులో దించి, నీళ్ళు పీల్చుకునే జల్లెడ పూర్తిగా మునిగిందా లేదా చూసుకో. న్యూట్రల్‌లో, తక్కువ స్పీడులో, పది నిమిషాలు తిప్పాలి. రెండు నిమిషాలకే ఆపేసేవాళ్ళు చాలామంది ఉన్నారు, అదే తప్పు. ఇంజను వేడెక్కితే గానీ లోపల థర్మోస్టాట్ తెరుచుకోదు, అది తెరుచుకునేదాకా నీళ్ళు సిలిండర్ చుట్టూ పూర్తిగా తిరగవు. పక్కన సన్నటి ధార చిమ్ముతోందా లేదా చూస్తూ ఉండు, ధార ఆగితే వెంటనే ఆపెయ్. నీళ్ళు లేకుండా ఒక్క నిమిషం తిప్పినా లోపల నీళ్ళు తోడే రబ్బరు చక్రం, ఇంపెల్లర్, మాడిపోవచ్చు. షెడ్డు లోపల తలుపులేసి తిప్పకు, పొగ ప్రాణం తీస్తుంది. ఫ్యాను దగ్గర పిల్లల్ని నిలబడనివ్వకు.

ఆ 80 లీటర్లు ఒక్క ఇంజనుకు వాడి పారబోస్తేనే వృథా. ఒక్కో ఇంజనులో లీటరు సముద్రపు నీళ్ళు మిగిలి ఉంటే అది తొట్టిలోకి తెచ్చే ఉప్పు 35 గ్రాములు, ఐదు ఇంజన్లకు 175 గ్రాములు. 80 లీటర్లలో కలిస్తే లీటరుకు రెండు గ్రాములకు కాస్త పైన, ఇంకా కడగడానికి పనికొచ్చే నీళ్ళే. ఐదిళ్ళ వాళ్ళు ఒకే రోజు ఒకరి వెనక ఒకరు చేసుకోండి. ఆ తర్వాత నీళ్ళ మీద నూనె తెట్టు కడుతుంది, గోనెగుడ్డతో తీసేసి ఆ నీళ్ళతో లంగరు గొలుసు కడుక్కోవచ్చు. కొబ్బరి చెట్టుకు మాత్రం పోయొద్దు. కడగడం అయ్యాక ఇంజనును పడుకోబెట్టకుండా నిలువుగానే ఉంచితే లోపలి నీళ్ళు వాటంతటవే కారిపోతాయి.

మీ ఇసుక నేలల్లో దొరువులు, అంటే నీళ్ళ కోసం ఇసుకలో తవ్విన గుంటలు, ఉంటే ఇంకో మాట. ఇసుకలో ఇంకిన వాన నీళ్ళు తేలిక కాబట్టి కిందున్న ఉప్పునీటి మీద పొరలా తేలుతుంటాయి. బిందెతో నెమ్మదిగా తోడితే పై పొర తియ్యగానే వస్తుంది. అదే మోటారు పెట్టి గబగబా లాగితే కింది ఉప్పు పైకి వచ్చేస్తుంది. బాపట్లలో వ్యవసాయ శాస్త్రవేత్తలు పక్కలకు చిల్లుల గొట్టాలు వేసి పై పొర నీళ్ళే చేరేలా దొరువును మెరుగుపరిచిందీ అందుకే. దయచేసి బోటు కడగడానికి దొరువుకు మోటారు బిగించకండి, ఊరంతా తాగే నీళ్ళు ఉప్పుతిరిగిపోతాయి.

ప్రశ్న: మాది మైపాడు. తాతల నాటి చెక్క నావ. నిషేధం రోజుల్లో ఎండకు పలకలు విచ్చుకుంటున్నాయి. రోజూ మంచినీళ్ళు పోసి తడపాలంటే నీళ్ళు లేవు.

జవాబు: పెద్దాయనా, మంచినీళ్ళు పోయకపోవడమే మంచిది. చెక్క కుళ్ళిపోయేది వాన నీళ్ళు, మంచినీళ్ళు నిలిచిన చోట. ఉప్పునీళ్ళు బూజును ఎదగనివ్వవు. పొద్దున రెండు బకెట్లు, సాయంత్రం రెండు బకెట్లు సముద్రపు నీళ్ళే లోపల చల్లి, పైన తాటాకు పందిరి వేయండి. నీళ్ళ కన్నా నీడ ముఖ్యం. విచ్చుకున్న సందుల్లో ఇప్పుడే నార గట్టిగా కూరేయొద్దు, నావ నీళ్ళలో దిగాక పలకలు ఉబ్బి మేకుల్ని లాగేస్తాయి. ముందు వారం రోజులు తడిపి చూడండి, చిన్న సందులు వాటంతటవే మూసుకుంటాయి.

ప్రశ్న: ఐస్ బాక్సు ఎన్ని నీళ్ళు పోసినా వాసన పోవడం లేదు. (సింగరాయకొండ మండలం నుంచి)

జవాబు: ఎన్ని పోశారన్నది కాదు, ఎలా పోశారన్నది చూడాలి. కడిగాక బాక్సు అడుగున అర లీటరు మురికి నీళ్ళు మిగిలాయనుకోండి. పది లీటర్లు ఒకేసారి పోసి వంచేస్తే, మళ్ళీ అడుగున మిగిలే అర లీటరులో మురికి 21వ వంతుకు తగ్గుతుంది. అదే పది లీటర్లను ఐదేసి చొప్పున రెండుసార్లు పోసి, రెండుసార్లూ పూర్తిగా వంచేస్తే 121వ వంతుకు తగ్గుతుంది. ఖర్చయిన నీళ్ళు అవే. ముందు లిక్విడ్‌తో మూలలు, మూత రబ్బరు కింద, కింది రంధ్రం లోపల బ్రష్ పెట్టి తోమండి, వాసన దాక్కునేది ఆ రంధ్రంలోనే. ఆఖరి కడుగు తాగే నీళ్ళతోనే చేయాలి, ఇక్కడ మాత్రం పొదుపు చూడొద్దు. మూత తెరిచి ఎండబెట్టండి. ఇంకోటి, వేటలో చేప తగలకుండా మిగిలిపోయిన శుభ్రమైన ఐసు ఉంటే ఒడ్డున పారేయకుండా వేరే క్యానులో వేసుకుని తెచ్చుకోండి. అది కరిగితే వచ్చేది మంచినీళ్ళే, ఇంజను పైభాగం, బోల్టులు తుడుచుకోవడానికి సరిపోతుంది.

ప్రశ్న: బోటు అడుగున పట్టిన గుల్లలకు బాత్రూమ్ యాసిడ్ పోయొచ్చా? నీళ్ళు తక్కువ పడతాయని ఎవరో చెప్పారు. (జువ్వలదిన్నె)

జవాబు: వద్దు. యాసిడ్ గుల్లతోపాటు ఫైబర్ పై పూతను, తుప్పు పట్టకుండా బిగించే జింక్ ముక్కను, అల్యూమినియాన్ని కూడా తింటుంది, పైగా దాన్ని కడిగేయడానికి ఇంకా ఎక్కువ నీళ్ళు కావాలి. చెక్క గరిటె లాంటి అంచుతో, పాత ప్లాస్టిక్ పలకతో అయినా సరే, గోకితే చాలు. కింద టార్పాలిన్ పరుచుకుంటే రాలిన రంగు పొడి ఇసుకలో కలవదు. బోటు నీళ్ళలోంచి పైకి లాగిన పూటే ఈ పని పెట్టుకోండి, గుల్లలు ఇంకా తడిగా ఉండగానే. మర్నాటికి అవి సిమెంటులా బిగుస్తాయి.