ఫ్లాట్ నంబర్ తప్పు పడిన ఇంటి బీమా

ప్రశ్న: దిల్‌సుఖ్‌నగర్‌లో అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో ఉంటున్నాం. హోమ్ లోన్ తీసుకున్నప్పుడు బ్యాంకువాళ్లే ఇంటికి బీమా చేయించారు. ఈ మధ్యే లోన్ తీరింది. ఇప్పుడు చూస్తే పాలసీలో మా ఫ్లాట్ నంబర్ 302 బదులు 203 అని ఉంది. కామన్ ఏరియాతో కలిపిన 1,150 చదరపు అడుగులను కార్పెట్ ఏరియాగా (అంటే ఇంటి లోపలి విస్తీర్ణంగా) వేశారు. బ్యాంకు పేరూ అలాగే ఉంది. ఏజెంటేమో ‘ఏం కాదు మేడమ్, రెన్యువల్‌లో మార్చేద్దాం’ అంటున్నాడు. ఆగమంటారా?
– ఒక పాఠకురాలు

జవాబు: ఆగకండమ్మా. రెన్యువల్ లోపే నష్టం జరిగితే? నష్టం అంచనా వేయడానికి వచ్చే సర్వేయర్ చేతిలో ఉండేది పాలసీ షెడ్యూలు, అంటే ఇంటి వివరాలున్న పేజీ. అందులో ఉన్నది మీ కింది అంతస్తువాళ్ల ఫ్లాట్. 2020 అక్టోబరు వానలకు మన ఊళ్లో కాలనీలకు కాలనీలే మునిగాయి. ఇల్లు పాడై కూర్చున్న మనిషికి ఫ్లాట్ నంబర్ గురించి వాదించే ఓపిక ఎక్కడిది?

బీమా ఆఫీసులో పాలసీలు రాసే సీట్లో చాలా ఏళ్లు పనిచేశాను కాబట్టి చెబుతున్నాను, ఏజెంటు నోటిమాట చెల్లదు. కంపెనీకే ఈమెయిల్ పెట్టండి. పాలసీ నంబర్, తప్పుగా ఏముంది, ఎలా ఉండాలి అన్నవి రాసి ‘ఎండార్స్‌మెంట్’ (పాలసీలో మార్పు చేసినట్టు కంపెనీ ఇచ్చే పత్రం) ఇవ్వమని అడగండి. సేల్ డీడ్ షెడ్యూల్ పేజీ, ఆస్తిపన్ను రసీదు జతచేయండి.

ఇక్కడ ఒకటి బాగా గమనించాలి. పాలసీలో అడ్రసు రెండు చోట్ల ఉంటుంది: ఉత్తరాలు పంపే అడ్రసు, బీమా ఉన్న ఇంటి అడ్రసు. చాలాసార్లు మొదటిది దిద్ది పని అయిపోయిందంటారు. మీకు కావలసింది రెండోది, అంటే ‘రిస్క్ లొకేషన్’ అని ఉన్న గడి.

విస్తీర్ణం సంగతి. 2021 ఏప్రిల్ నుంచి వచ్చిన ‘భారత్ గృహ రక్ష’ పాలసీల్లో కార్పెట్ ఏరియాను నిర్మాణ ఖర్చు రేటుతో గుణించి బీమా మొత్తం కడతారు. స్థలం విలువ కలవదు. ఏరియా ఎక్కువ వేస్తే ప్రీమియం దండగే, క్లెయిమ్ మాత్రం అసలు నష్టం మేరకే వస్తుంది. లోపలి గదులు కొలిపించి సరైన అంకె ఇవ్వండి. వాళ్ల ఫారంలో చదరపు మీటర్లు అడిగితే అడుగులను 10.764తో భాగించాలి, ఈ మార్పిడిలోనే తప్పులు ఎక్కువ.

బ్యాంకు పేరు తీయించడానికి లోన్ క్లోజర్ లెటర్ చాలు. పాలసీలో ఆ పేరు ఉన్నంతకాలం క్లెయిమ్ డబ్బు మీ చేతికి రావడంలో చిక్కే.

కంపెనీ కదలకపోతే అక్కడే ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌కు రాయండి. బీమా కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ వారి ‘బీమా భరోసా’ పోర్టల్‌లోనూ ఫిర్యాదు పెట్టవచ్చు, ఫోన్ 155255. నెలలోపు జవాబు రాకపోతే లక్డీకాపూల్ దగ్గరున్న ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (బీమా తగాదాలు తీర్చే అధికారి) ఆఫీసుకు వెళ్లండి, ఫీజు లేదు.

ఎండార్స్‌మెంట్ రాగానే మూడు మార్పులూ పడ్డాయో లేదో అక్షరం అక్షరం చూసి, పాత పాలసీతో కలిపి దాచుకోండి.