పెదనాన్న గారి యుద్ధం రాస్తున్న అమ్మాయికి

చిక్కడపల్లి,
హైదరాబాద్

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన పేజీలన్నీ చదివానమ్మా. భాష బాగుంది, దాని గురించి నీకెవరూ చెప్పక్కర్లేదు. గొడవంతా మొదటి అధ్యాయంతోనే. అందులో మీ పెదనాన్న గారు 1999 కార్గిల్ యుద్ధంలో తోలోలింగ్ కొండ మీద రాళ్ళ చాటు నుంచి దూకి శత్రువు కళ్ళలోకి చూస్తారు. ఆయన ఫిరంగి దళం ఆఫీసరు కదా! ఆ రాత్రి ఆయన తన గన్నులతో కింద ద్రాస్ వైపు, కొండకి కిలోమీటర్ల దూరంలో ఉన్నారని నాలుగో అధ్యాయంలో నువ్వే రాశావు. మరి ఎవరి కళ్ళలోకి చూశారు?

కార్గిల్ అనగానే అందరికీ గుర్తొచ్చేది ఇన్‌ఫాంట్రీ, అంటే కాల్బలం, కథ. మన హైదరాబాద్ నుంచి వెళ్ళిన మేజర్ పద్మపాణి ఆచార్య 2 రాజ్‌పుతానా రైఫిల్స్‌లో ఉండి, 1999 జూన్ 28న నోల్ అనే శిఖరం మీద జరిగిన దాడిలో ప్రాణాలిచ్చారు. మరణానంతరం మహావీర చక్ర ఇచ్చారు. ఆ కథ ఆయనది. దాన్ని తెచ్చి మీ పెదనాన్న గారికి తొడిగితే ఇద్దరికీ అన్యాయం చేసినట్టే. గన్నర్, అంటే ఫిరంగి దళం వాడి, యుద్ధం వేరు. తను దేన్ని కొడుతున్నాడో చాలాసార్లు తనకే కనపడదు. మ్యాపు, రేడియో, లెక్కలు, అంతే. నీకు దొరికిన అసలు సరుకు ఇదే. నువ్వేమో బోరు కొడుతుందనుకుని దాటేస్తున్నావు.

లెక్కలన్నానని టెన్షన్ పడకు. ద్రాస్ 10,000 అడుగులకు పైన ఉంది. అక్కడ గాలి పల్చన, గుండుకి అడ్డు తక్కువ, కాబట్టి మైదానంలో కంటే ఎక్కువ దూరం పోతుంది. మందుగుండు చల్లబడితే దూరం మళ్ళీ మారుతుంది. కొట్టాల్సిన శిఖరం చూస్తే కత్తి అంచులా ఉంటుంది. కాస్త ఎక్కువైతే గుండు శిఖరం దాటి అవతలి లోయలో పడుతుంది. కాస్త తక్కువైతే కింద నుంచి ఎక్కుతున్న మన జవాన్ల మీదే పడొచ్చు. అలాగని ముందే ఫైరింగ్ ఆపేస్తే పైన బంకర్లో ఉన్నవాడు తలెత్తి మెషిన్ గన్ పట్టుకుంటాడు. ఎప్పుడు ఆపాలో చెప్పేది జవాన్లతో పాటే కొండెక్కిన గన్నర్ ఆఫీసరు. అతను రేడియోలో ‘డ్రాప్ 200’ (200 మీటర్లు తగ్గించి కొట్టు) అంటే కింద లెక్కంతా మారుతుంది. ‘షాట్’ (గన్ను పేల్చాం) అన్న కబురు పైకి వెళ్ళాక గుండు పడటానికి, దూరాన్ని బట్టి, అరనిమిషం పట్టొచ్చు, ఇంకా ఎక్కువా పట్టొచ్చు. ఆ అరనిమిషంలో మీ పెదనాన్న గారు ఏం చేసేవారు? వాచీ చూసుకునేవారా? ఎవరితోనైనా మాట్లాడేవారా? అడిగావా అసలు? తోలోలింగ్ మీద దూకుడు కంటే ఆ అరనిమిషం గురించి చదవాలని ఉంది నాకు.

2,50,000కు పైగా గుండ్లు, రాకెట్లు పేల్చారన్న అంకెని పదే పదే వాడావు. ఒక్కచోట కూడా దాని పక్కన మనిషి లేడు. బోఫోర్స్ (స్వీడన్ నుంచి కొన్న ఫిరంగి) గుండు ఒక్కోటి 40 కిలోల పైనే ఉంటుంది. లారీలోంచి దించిందెవరు? ఊపిరి అందని ఎత్తులో మోసిందెవరు? గన్నుల దగ్గర ఉన్నవాళ్ళంతా భద్రంగా ఉన్నారన్నట్టు రాయడం కూడా సరికాదు. బోఫోర్స్‌ని హైవే దగ్గరికి తెచ్చి, ఎదురుగా కనిపిస్తున్న శిఖరాల మీదకి నేరుగా కొట్టారు. అంటే పైవాళ్ళకీ వీళ్ళు కనపడుతున్నారు, అటు నుంచీ గుండ్లు వస్తున్నాయి. (బోఫోర్స్ అంటే మా తరానికి ముందు గుర్తొచ్చేది కుంభకోణమే. దాన్ని ఒక్క వాక్యంలో తేల్చెయ్యి. ఆ పాపం గన్నుది కాదు.)

ఇక జ్ఞాపకాల సంగతి. ఆ యుద్ధాన్ని దేశమంతా ఇళ్ళలో కూర్చుని టీవీలో చూసింది. ఇన్నేళ్ళలో ఆ బొమ్మలు మీ పెదనాన్న గారి బుర్రలోకీ చేరి ఉంటాయి. ఆయన అబద్ధం చెప్తున్నారని కాదు. జూలై 4న టైగర్ హిల్ మన చేతికొచ్చిన ఉదయం గురించి ఆయన మాటలు చదువుతుంటే నాకు ఆ అనుమానమే వచ్చింది. మ్యాపు పరిచి, ఆ రోజు ఎక్కడున్నారో వేలు పెట్టి చూపించమను. మీ పెద్దమ్మ గారు ఆయన ఉత్తరాలు దాచి ఉంటే ఇంకా మంచిది. ఎక్కడున్నదీ వాటిలో రాయనివ్వరు కానీ తేదీ ఉంటుంది, చలి ఉంటుంది, ఏం తిన్నారో ఉంటుంది.

వీలైతే ఆయన్ని గోల్కొండ ఆర్టిలరీ సెంటర్‌కి తీసుకెళ్ళు. పర్మిషన్ ఆయనే చూసుకుంటారు. గన్నర్లకి రెజిమెంటు జెండా విడిగా ఉండదు, గన్నులకే సెల్యూట్ చేస్తారు. పాత గన్ను పక్కన నిలబడ్డప్పుడు ఆయన చెయ్యి ముందు దేని మీద పడుతుందో గమనించు. గోల్కొండ పేరు వచ్చింది కదా అని 1687, ఔరంగజేబు ముట్టడి అంటూ రెండు పేజీల చరిత్ర మాత్రం దించకు తల్లీ.

ఒక ప్రశ్న నీ పేజీల్లో ఎక్కడా లేదు. తను కొట్టిన గుండ్లు పడిన చోటికి ఆయన తర్వాత ఎప్పుడైనా ఎక్కి చూశారా? ఆ శిఖరాల మీద చనిపోయిన పాకిస్తాన్ సైనికుల్లో కొందరిని వాళ్ళ మతాచారం ప్రకారం మనవాళ్ళే ఖననం చేశారు. ఇది సైనిక్‌పురి ఇంట్లో అందరూ కూర్చుని టీ తాగుతుండగా అడిగేది కాదు. ఫోన్‌లో రికార్డింగ్ ఆపేసి, ఆయన ఒక్కరే ఉన్నప్పుడు అడుగు. వినికిడి తగ్గిందన్నావుగా, గన్నర్లలో చాలామందికి ఉన్నదే అది. గట్టిగా అడగాల్సి వస్తుంది, ఇంట్లో ఎవరూ లేని టైం చూసుకో. చెప్పనంటే రెండోసారి కదపొద్దు. అది లేకపోయినా పుస్తకం ఆగదు.

మొదటి అధ్యాయం మాత్రం తిరగరాసి పంపు. దసరా లోపు అయితే మంచిది, ఆ తర్వాత నాకు కంటి ఆపరేషన్ ఉంది. అక్షరాలు కాస్త పెద్దవిగా ప్రింట్ తియ్యి.