పాంపే పట్టిన దొంగలు, నేటి ఓడ దొంగలు

ప్రశ్న: మా తమ్ముడు మర్చంట్ నేవీలో చేరాడు. మొదటి ప్రయాణమే యెమెన్, సోమాలియాల మధ్యనున్న గల్ఫ్ ఆఫ్ ఏడెన్ మీదుగానట. ప్రాచీన రోమ్‌లో పాంపే అనే సేనాని మూడు నెలల్లో సముద్రపు దొంగలను అణిచేశాడని చదివాను. ఇప్పుడు అన్ని దేశాల నౌకాదళాలుండీ ఎందుకు కుదరడం లేదు?
– ఒక పాఠకురాలు, పెరంబూరు, చెన్నై

జవాబు: పాంపే దగ్గర ఓడలు చాలానే ఉన్నాయి. కానీ పని జరిగింది వాటి సంఖ్య వల్ల మాత్రమే కాదు. క్రీ.పూ. 67లో ఆయనకిచ్చిన అధికారం మధ్యధరా సముద్రంతో ఆగలేదు, తీరం నుంచి సుమారు 75 కిలోమీటర్ల లోపలి దాకా చెల్లింది. సముద్రాన్ని 13 భాగాలు చేసి, ఒక్కోదానికి ఒక్కో అధికారిని పెట్టి, అన్నిచోట్లా ఒకేసారి వేట మొదలుపెట్టాడు. ఒకరి నుంచి తప్పించుకున్నవాడు పక్కవాడి చేతికి చిక్కాడు. పడమటి సగం 40 రోజుల్లో ఖాళీ అయింది. ఆ తర్వాత దొంగల అడ్డా అయిన కిలికియా, అంటే నేటి టర్కీ దక్షిణ తీరం, లొంగింది. లొంగినవాళ్లలో చాలామందికి సోలి వంటి పాడుబడ్డ ఊళ్లలో భూములిచ్చి కాపురం పెట్టించాడు. నా దృష్టిలో ఆయన చేసిన గొప్ప పని ఇదే.

నేటి చిక్కంతా ఇక్కడే ఉంది. పట్టుకున్నవాణ్ణి ఏం చేయాలి? ఏ కోర్టుకు అప్పగించాలో తేలక ఆయుధాలు లాక్కుని వదిలేసిన సందర్భాలు బోలెడు. ఒడ్డున వేరే బతుకు లేనివాడు మళ్లీ పడవెక్కుతాడు. మన దేశం 2022లో దీనికంటూ ప్రత్యేక చట్టం చేసుకుంది. అందుకే 2024 మార్చిలో ‘రూయెన్’ ఓడ మీద లొంగిపోయిన 35 మంది దొంగలను ముంబై తీసుకొచ్చి పోలీసులకు అప్పగించగలిగారు.

ఇక మీ తమ్ముడి సంగతి. భారతదేశానికి వచ్చే రోమన్ ఓడలు దొంగల భయంతో విలుకాళ్లను వెంట తెచ్చుకునేవని ఆనాటి రోమన్ రచయిత ప్లినీ రాశాడు. ఇప్పుడా విలుకాళ్ల బదులు సాయుధ గార్డులున్నారు. అయినా అసలు రక్షణ, దొంగను ఎక్కనివ్వకపోవడమే. సరుకుతో నిండిన ఓడ నీళ్లలోకి దిగి ఉంటుంది, డెక్ ఎత్తు తగ్గుతుంది. దొంగలు చిన్న పడవలో వెనుక వైపు నుంచి వచ్చి కొక్కెం నిచ్చెన తగిలిస్తారు. ఓడ 18 నాట్ల (గంటకు సుమారు 33 కిలోమీటర్ల) వేగం దాటితే ఆ పని చాలా కష్టం. రేజర్ వైర్ రెయిలింగుకు లోపల కాదు, బయటికి పొడుచుకొచ్చేలా కట్టాలి. లోపల కడితే కొక్కానికి రెయిలింగు అందుతుంది.

అయినా ఎక్కేస్తే అందరూ ఇంజన్ ఆపేసి సిటడెల్‌లోకి, అంటే లోపలి నుంచి బిగించుకునే ఉక్కు గదిలోకి వెళ్లాలి. 2024 జనవరిలో ‘లీలా నార్ఫోక్’ ఓడలోని 21 మందిని కాపాడింది ఆ గదే. మన యుద్ధనౌక ఐఎన్ఎస్ చెన్నై నుంచి కమాండోలు వచ్చి చూసేసరికి దొంగలు లేరు. నీళ్లు, తిండి, మందులు, మరుగుదొడ్డి ఏర్పాటు లోపలే ఉండాలి. శాటిలైట్ ఫోను యాంటెనా కంటపడేలా ఉంటే దొంగలు ముందు దాన్నే విరగ్గొడతారు. ఒక్కరు బయట మిగిలినా కమాండోలు లోపలికి దూకడానికి వెనకాడతారు. కాబట్టి డ్రిల్లులో తలలు లెక్కపెడితే సరిపోదు, పేరు పిలిచి చూడాలి. వంటగదిలో, ఇంజన్ రూములో ఉన్నవాళ్లకు అలారం వినబడుతోందో లేదో మీ తమ్ముణ్ణి మొదటి డ్రిల్లులోనే చూసుకోమనండి.