బస్సు నడిపేది వాడు, టిక్కెట్టు కొనేది నువ్వు

కొత్తపట్నం

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

ఫోనులో నువ్వు అడిగినదానికి అప్పుడే జవాబు చెప్పలేకపోయాను. తీరిగ్గా చెప్పవలసిన సంగతి కాబట్టి రాస్తున్నాను. పిల్లవాడిని బయటికి తీసుకెళ్తే కాసేపటికే ఫోను కావాలంటున్నాడనీ, వాడిచేత ఏ ఆట ఆడించాలో తోచడం లేదనీ అన్నావు. ఆడించాలనుకోవడం దగ్గరే చిక్కంతా ఉంది. అంగన్‌వాడీలో పిల్లల మధ్య ఇన్నేళ్ళు గడిపినదాన్ని కనుక గట్టిగా చెబుతున్నాను: నాలుగేళ్ళ పిల్లల ఊహకు మనం నేర్పేదేమీ లేదు. వాడి ఆటలో నువ్వు ఒక చిన్న వేషం వేస్తే చాలు.

వాడు పెరట్లో ఇటుక మీద కూర్చుని “ఇది బస్సు” అన్నాడనుకో. “భలే” అని ఊరుకుంటే ఆట అక్కడే ఆగిపోతుంది. వెళ్ళి వెనక చతికిలబడి “గూడూరుకు ఒక టిక్కెట్టు ఇవ్వండి బాబూ” అని అడుగు. కానుగాకు చింపి ఇస్తాడు. చిల్లర కింద గులకరాయి ఇస్తే కొంగున కట్టుకో. ఆట చప్పబడుతోందని అనిపించినప్పుడు ఏదో ఒక ఇబ్బంది తెచ్చిపెట్టు. “అయ్యో, గూడూరు దాటి నాయుడుపేట వచ్చేశామే, మా అమ్మ ఎదురుచూస్తుంటుంది, ఇప్పుడెలా?” అను. దారి వాడే వెతుకుతాడు. ఒక్కోసారి బస్సును పడవ చేసేస్తాడు, చేయనీ. మధ్యలో “ఆకు ఏ రంగు? రాళ్ళు ఎన్ని?” అని పాఠం మొదలుపెట్టావంటే మాత్రం వాడు లేచి వెళ్ళిపోతాడు. నిన్నటి ఆటే ఇవాళా ఆడతానంటే విసుక్కోకు. అదే ఆటలో రోజుకొకటి మారుస్తూ ఉంటాడు, గమనించు.

ఇక బొమ్మలు కొనడం తగ్గించు. బ్యాటరీ కారు ఎప్పటికీ కారే. కొబ్బరి మట్ట అలా కాదు, ఒకసారి గుర్రమవుతుంది, ఒకసారి తెడ్డవుతుంది, మీ ఆయన భుజాన పెడితే కావడి అవుతుంది. రెండు కొబ్బరి చిప్పలు, ఒక పాత తువ్వాలు, సీసాలో నీళ్ళు సంచిలో వేసుకుని బయలుదేరు.

ఇసుక దొరికిన చోట పిచ్చుకగూడు కట్టండి. ముందు వాడి పాదం మీద తడి ఇసుక పోసి, అరచేత్తో తట్టి తట్టి గట్టిపరిచి, కాలు మెల్లగా వెనక్కి లాగమను. పొడి ఇసుక జారిపోతుంది, నీళ్ళు ఎక్కువైతే కుంగిపోతుంది. ఆ తడి ఎంత ఉండాలో నువ్వు చెప్పకు. రెండు మూడు గూళ్ళు కూలితే వాడి చేతికే తెలుస్తుంది. గూడు నిలిచాక అందులో ఎవరుంటారో, వాళ్ళు రాత్రికి ఏం తింటారో అడిగి చూడు.

మీ వైపు ఊహకు మేత చాలా ఉంది. చలికాలంలో వాడిని ఒకసారి నేలపట్టు పక్షుల కేంద్రానికి తీసుకెళ్ళు. చెరువులోని చెట్ల మీద గూడబాతులు, అంటే ముక్కు కింద పెద్ద సంచి ఉండే పెలికాన్ పక్షులు, గూళ్ళు కట్టుకుని ఉంటాయి. పులికాట్ సరస్సులో చేపలు పట్టి వచ్చిన తల్లి నోట్లోకి పిల్ల తలంతా దూర్చి తింటుంది. అది ఒక్కసారి చూశాడంటే ఇంటికొచ్చాక తువ్వాలును గొంతు సంచి చేసుకుని చేపలు మోసుకొస్తాడు. నువ్వు గూట్లో పిల్లవై నోరు తెరవాలి, సిగ్గుపడకు. శ్రీహరికోటలో రాకెట్ వదిలే రోజు ఆకాశం తేటగా ఉంటే మేడ ఎక్కించి చూపించు. 2023 జులై 14న చంద్రయాన్-3 వెళ్ళినప్పుడు మా వీధి పిల్లలు అరటి దొప్పతో రాకెట్ చేసి, పది నుంచి వెనక్కి లెక్కపెడుతూ చీకటిపడే దాకా వదులుతూనే ఉన్నారు.

జాగ్రత్తల విషయంలో మాత్రం నా మాట కాదనకు. పెన్నలో ఇసుక తవ్విన గుంటలు పైకి మడుగుల్లా కనిపిస్తాయి, లోతు తెలియదు. సోమశిల ఆనకట్ట నుంచి నీళ్ళు వదిలిన రోజుల్లో ఏటి వైపే వెళ్ళవద్దు. మైపాడు తీరానికి వెళ్తే తడి ఇసుక దగ్గరే ఆట, అలల్లోకి వద్దు, నీ చూపు ఫోను మీదికి పోకూడదు. జిల్లేడు పాలు కళ్ళలో పడనివ్వకు. గన్నేరు, ఉమ్మెత్త, గురివింద గింజలు విషం, వాటిని ముట్టుకోనివ్వకు. చింతగింజలు ఇస్తే ముక్కులో, చెవిలో పెట్టుకోకుండా పక్కనే ఉండు. ఎండాకాలం పొద్దున్నే గాని, సాయంత్రం ఐదు దాటాక గాని బయలుదేరు. ఇవి తప్ప బట్టలు మాస్తాయనీ, మోకాలు గీసుకుంటుందనీ ఆపవద్దు.

ఆట ముగించడం కూడా ఆటలోనే జరగాలి. ఉన్నట్టుండి చెయ్యి పట్టి లాక్కొస్తే ఏడవక ఏం చేస్తాడు? “డ్రైవరుగారూ, ఇదే ఆఖరి ట్రిప్పు, తర్వాత బస్సు డిపోకు వెళ్ళాలి” అని ముందే చెప్పు. ఇంటి గుమ్మమే డిపో. కాళ్ళు కడగడమంటే బస్సు కడగడమే.

ఈ వేసవిలో ముంజలు తిన్నాక బుర్రలు పారేయకు. రెండు బుర్రలకు మధ్య పుల్ల గుచ్చి, పంగల కర్రతో తోసే బండి ఎలా చేయాలో మీ పెదనాన్న వాడికి చూపిస్తానంటున్నారు. సెలవులివ్వగానే మీరు ముగ్గురూ వచ్చి వారం రోజులైనా ఉండేలా చూసుకోండి.

మీ పెద్దమ్మ