ఓమ్‌లు తక్కువైనంత మాత్రాన ఫోన్ సరిపోదు

ప్రశ్న: ఇటీవల ప్లానర్ మ్యాగ్నెటిక్ హెడ్‌ఫోన్స్ కొన్నాను. ఇంపెడెన్స్ 60 ఓమ్‌లు, సెన్సిటివిటీ మిల్లీవాట్‌కు 83 డెసిబెల్స్ అని పెట్టె మీద ఉంది. ఫోనుకు టైప్-సి డోంగిల్ (హెడ్‌ఫోన్స్‌ను ఛార్జింగ్ పోర్టుకు కలిపే చిన్న అడాప్టర్) పెట్టి వాల్యూమ్ చివరిదాకా పెంచినా పాత కర్ణాటక సంగీత కచేరీలు సన్నగానే వినిపిస్తున్నాయి. వాల్యూమ్ బూస్టర్ యాప్ వేసుకోవచ్చా, యాంప్లిఫైయర్ కొనక తప్పదా?

జవాబు: యాంప్లిఫైయర్ కావలసిందే. ఇదే ఫిర్యాదు నాకు పదేపదే వస్తోంది, రాసేవారిలో ఎక్కువమంది కొనేముందు చూసింది ఓమ్‌ల అంకె, అంటే కరెంటుకు హెడ్‌ఫోన్స్ ఇచ్చే అడ్డు (ఇంపెడెన్స్) ఒక్కటే; అది తక్కువైతే ఫోన్ చాలనుకుంటారు. పవర్ ఎంత కావాలో ప్రధానంగా తేల్చేది సెన్సిటివిటీ, అంటే ఇచ్చిన పవర్‌కు హెడ్‌ఫోన్స్ ఎంత శబ్దం చేస్తాయన్న అంకె. మిల్లీవాట్‌కు 97 డెసిబెల్స్ ఇచ్చే 300 ఓమ్‌ల హెడ్‌ఫోన్స్‌లో, తనియావర్తనంలో మృదంగం మీద పడే గట్టి దెబ్బ క్షణకాలం 110 డెసిబెల్స్ అందుకోవడానికి 20 మిల్లీవాట్లు చాలు. మీ 60 ఓమ్‌ల హెడ్‌ఫోన్స్‌కు అదే దెబ్బకు 500 మిల్లీవాట్లు, అంటే దాదాపు ఐదున్నర వోల్టులు, 90 మిల్లీఆంపియర్ల కరెంట్ కావాలి. సాధారణ డోంగిల్ ఇచ్చే ఒక వోల్టుతో మీకు అందేది 17 మిల్లీవాట్లే కాబట్టి గట్టి దెబ్బలే 95 డెసిబెల్స్ దగ్గర ఆగిపోతాయి. గాత్రం సగటున వాటికంటే ఎంతో కింద ఉంటుంది, పైగా పాత కచేరీలు చాలావరకు తక్కువ స్థాయిలోనే రికార్డయ్యాయి.

మీ పెట్టె మీద కనీసం ‘మిల్లీవాట్‌కు’ అన్న మాట ఉంది. చాలా తయారీదారులు ఉత్త డెసిబెల్ అంకె వేసి ఊరుకుంటారు, అది మిల్లీవాట్‌కా, వోల్టుకా అన్నది చెప్పరు. 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్స్‌లో ఈ రెండు లెక్కలకూ 15 డెసిబెల్స్ తేడా వస్తుంది, అంటే పవర్‌లో ముప్ఫై రెట్లు. కొలమానం లేని అంకెను అచ్చువేయడం కొనేవాణ్ణి తప్పుదారి పట్టించడమే. యాంప్లిఫైయర్ల ప్రకటనలదీ ఇదే తీరు: 32 ఓమ్‌ల దగ్గర 1000 మిల్లీవాట్లు ఇచ్చే పరికరం, అదే వోల్టేజీతో, 300 ఓమ్‌ల దగ్గర 107 మిల్లీవాట్లకు మించి ఇవ్వలేదు. అందువల్ల మీరు చూడవలసింది 60 ఓమ్‌ల దగ్గర ఎంత ఇస్తుందన్న అంకె. అది 500 మిల్లీవాట్లకు తగ్గకూడదు. కొనేముందు డోంగిల్‌ను ఒకసారి ల్యాప్‌టాప్‌కు పెట్టి చూడండి. కొన్ని ఫోన్లు డోంగిల్ లోపలి వాల్యూమ్‌ను పూర్తిగా తెరవవు. అక్కడ శబ్దం పెరిగితే లోపంలో కొంత ఫోనుదని తెలుస్తుంది, యాంప్లిఫైయర్ అవసరం మాత్రం తీరదు.

ఇక బూస్టర్ యాప్. మీ ప్రశ్నలో నన్ను నిజంగా భయపెట్టింది ఇదే. డోంగిల్ ఇవ్వగల గరిష్ఠ వోల్టేజీని ఏ యాప్ కూడా పెంచలేదు. అది చేయగలిగిందల్లా పాటలోని డిజిటల్ స్థాయిని పైకి నెట్టడం. అప్పుడు గాత్రం కాస్త గట్టిగా వినిపించినా మృదంగం దెబ్బలు పైన తెగిపోయి కరకరలాడతాయి. శబ్దం పెంచే పనికి మిమ్మల్ని అడిగి తీసుకోవలసిన అనుమతి ఏదీ అక్కరలేదు. అయినా ఈ కోవకు చెందిన యాప్‌లు కొన్ని, ముఖ్యంగా యాప్ స్టోర్ బయట ఏపీకే ఫైళ్లుగా చేతులు మారేవి, యాక్సెసిబిలిటీ, నోటిఫికేషన్ యాక్సెస్ ఇవ్వమంటాయి. మొదటిది ఇస్తే ఆ యాప్ తెర మీది అక్షరాలు చదవగలదు, మీ బదులు బటన్లు నొక్కగలదు. రెండోది ఇస్తే చాలా ఫోన్లలో బ్యాంకు పంపిన ఓటీపీ మీతోపాటు దానికీ కనబడవచ్చు. యూపీఐతో కూరగాయల నుంచి పిల్లల ఫీజుల దాకా కట్టే ఫోనులో ఈ రెండు తాళాలూ ఊరూపేరూ లేని యాప్ చేతిలో పెట్టడం నాకు ఏ విధంగానూ సమ్మతం కాదు. అడగగానే ‘అనుమతించు’ నొక్కేసే అలవాటు వల్ల ఎంత నష్టమో, వాల్యూమ్ యాప్ ఓటీపీలు చదవబోతున్నా హెచ్చరికలతో సరిపెట్టే ఫోన్ సాఫ్ట్‌వేర్ వల్లా అంతే నష్టం.

ఇప్పటికే వేసుకుని ఉంటే ముందు సెట్టింగ్స్‌లో ఆ రెండు అనుమతులూ తీసేసి, తర్వాత యాప్‌ను తొలగించండి. తొలగకుండా మొండికేస్తే ఫోన్‌ను సేఫ్ మోడ్‌లో (మీరు వేసుకున్న యాప్‌లు నడవని స్థితిలో) తెరిచి తీసేయండి. యూపీఐ పిన్‌ను వేరే ఫోన్ నుంచి మార్చుకోండి. ఖాతాలో మీరు చేయని లావాదేవీ కనబడితే బ్యాంకుకూ, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కీ వెంటనే ఫోన్ చేయండి.