ఒక్క ప్లగ్ పాయింటుకి ఎన్ని తగిలించొచ్చు?

బుజ్జీ,

నువ్వు పంపిన కొత్త రూము ఫోటో చూశాను. కిటికీ బాగుంది, టేబులు బాగుంది, నా కళ్లు మాత్రం మూలనున్న ఎక్స్‌టెన్షన్ బాక్స్ దగ్గరే ఆగిపోయాయి. గోడకి ఉన్నది ఒక్కటే ప్లగ్ పాయింటు, దానికో బాక్స్, ఆ బాక్స్‌కి ఇంకో బాక్స్, వాటికి ల్యాప్‌టాప్, ఫోన్ ఛార్జరు, రౌటరు, టేబుల్ ఫ్యాను, కెటిలు, ఇస్త్రీ పెట్టె. పైగా "అన్నీ పట్టేశాయి పెదనాన్నా" అని కింద మెసేజి. పట్టడం వేరు, మోయడం వేరు తల్లీ. ఇన్నేళ్లు వైరింగ్ పని చేసినవాణ్ణి, అది చూసి ఊరుకోలేక రాస్తున్నాను, కాస్త ఓపిగ్గా చదువు.

ముందు ఒక పని చెయ్యి. ప్రతి వస్తువు వెనకో అడుగునో చిన్న స్టిక్కరు ఉంటుంది, అందులో ఎన్ని వాట్లో చూడు. మన ఇళ్లకి వచ్చే సప్లై 230 వోల్టులు కాబట్టి ఆ అంకెని 230తో భాగిస్తే ఎన్ని యాంపియర్ల కరెంటు లాగుతుందో వస్తుంది, అంతే లెక్క. 1500 వాట్ల కెటిలు ఆరున్నర యాంపియర్లు లాగుతుంది. 1000 వాట్ల ఇస్త్రీ పెట్టె నాలుగు పైచిలుకు. 65 వాట్ల ల్యాప్‌టాప్, 50 వాట్ల ఫ్యాను, ఛార్జరు, రౌటరు నాలుగూ కలిపినా ముప్పావు యాంపియరు దాటవు. (ఎప్పుడైనా 120 వోల్టుల సప్లై ఉండే దేశానికి వెళ్తే 120తో భాగించాలి, అక్కడ అవే వాట్లకి కరెంటు దాదాపు రెట్టింపు.) చూశావా, ఎన్ని వస్తువులు తగిలించావన్నది అసలు సమస్యే కాదు. చిన్నవి పది పెట్టినా బాక్స్‌కి బరువు కాదు, వేడి పుట్టించేది ఒక్కటి పెడితే మొత్తం లెక్క మారిపోతుంది. కెటిలు, ఇస్త్రీ పెట్టె, హెయిర్ డ్రయ్యరు, రూమ్ హీటరు, ఇండక్షన్ స్టవ్, ఇవన్నీ ఆ జాతే.

ఇప్పుడు బాక్స్ తీసేసి బోర్లించు. అడుగున ఎన్ని యాంపియర్లని ఉంది? 6 అని ఉంటే నీ కెటిలు ఒక్కటే దాన్ని దాటేసింది. కెటిలు మరుగుతుండగా ఇస్త్రీ కూడా మొదలుపెడితే పదకొండు. కరెంటు రెట్టింపైతే తీగలో వేడి రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. ఈ సంగతి తెలిసినవాళ్లకి కూడా పని హడావుడిలో గుర్తుండదు.

"ఎక్కువైతే ఎంసీబీ పడిపోతుంది కదా" అంటావు. అందరూ అనే మాటే, నేనూ ఒకప్పుడు అనుకున్నదే. ఎంసీబీ అంటే బోర్డులో ఉండి, లోడు మరీ ఎక్కువైతే తనంతట తానే పడిపోయి కరెంటు ఆపేసే స్విచ్. అది కాపలా కాసేది గోడలో ఉన్న వైరుకి, నీ బాక్స్‌కి కాదు. ఆ లైనుకి 16 యాంపియర్ల ఎంసీబీ ఉందనుకో, నువ్వు లాగే పదకొండు దాని దృష్టిలో మామూలు లోడే, హాయిగా కూర్చునుంటుంది. ఈలోపు 6 యాంపియర్ల బాక్స్ తీగ కాలుతూ ఉంటుంది. ఇంకో మాట, 16 దాటగానే ఠక్కున పడదు కూడా. కొంచెం ఎక్కువైతే, 18 దాకా అనుకో, గంటసేపైనా పడకపోవచ్చు, దాని తయారీయే అలాంటిది. వెంటనే పడేది షార్ట్ సర్క్యూట్ లాంటి పెద్ద దెబ్బకే. ఇక మాటిమాటికీ పడుతోందని దాన్ని తీసి పెద్దది వేయించేవాళ్లుంటారు, అప్పుడు గోడలో వైరుకి కూడా కాపలా పోయినట్టే. ఎవరైనా అలా చేస్తామంటే ఒప్పుకోకు.

నా ఇంట్లో జరిగిందే చెప్తాను, నవ్వకు. కొత్తగా కాపురం పెట్టిన రోజులు, ఊళ్లోవాళ్ల వైరింగులన్నీ నేనే చేసేవాణ్ణి, నా ఇంట్లో మాత్రం ఒక బాక్స్‌కి హీటరు, ఇస్త్రీ పెట్టె రెండూ. ఒకరోజు పొద్దున్న ఎక్కడో చేపలు మాడుతున్న వాసన. వంటింట్లో చూశాం, ఏమీ లేదు. చివరికి బాక్స్ దగ్గర ముక్కు పెట్టి చూస్తే అక్కడినుంచే. స్విచ్ ఆపి ప్లగ్ లాగితే రాలేదు, ప్లాస్టిక్ కరిగి పిన్ను సాకెట్‌కి అతుక్కుపోయింది. ఊడదీశాక చూస్తే మూడు పిన్నుల్లో కరెంటు వచ్చే ఫేజు పిన్ను ఒక్కటే నల్లబడి ఉంది, దాని రంధ్రం చుట్టూ గోధుమరంగు వలయం, మిగతా రెండూ కొత్తవాటిలా మెరుస్తున్నాయి. లోపల పిన్నుని పట్టుకునే ఇత్తడి రేకు వదులైపోయింది. లూజు కాంటాక్ట్ అంటే ఇదే. మంట పుట్టేది ఎక్కువగా తీగ మధ్యలో కాదు, ఇలా వదులుగా ఆనుకున్న చోట. వేడికి రేకు ఇంకా వదులవుతుంది, వదులైనకొద్దీ ఇంకా వేడెక్కుతుంది. ఎంసీబీ ఆ రోజు కూడా పడలేదు.

అందుకే నువ్వు చెయ్యాల్సిన పరీక్ష ఒకటుంది. కెటిలు వాడిన వెంటనే స్విచ్ ఆపి, ప్లగ్ తీసి, పొడి చేత్తో దాని ప్లాస్టిక్ భాగాన్ని ముట్టుకో, పిన్నుల జోలికి పోకు. గోరువెచ్చగా ఉంటే సరే, చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే ఆ సాకెట్ ఇక వాడొద్దు. ప్లగ్ పెడితే జారిపోతున్నా, చిటపట శబ్దం వస్తున్నా, లైటు మిణుకుమంటున్నా అదే జబ్బు. టేపు చుట్టి సర్దుకోకు, మార్పించు.

ఆ రెండు బాక్సులు గొలుసులా తగిలించడం ఇవాళే తీసెయ్యి. రెండో బాక్స్ మోసేదంతా మొదటి బాక్స్ ప్లగ్ మీదే పడుతుంది, చోటు పెరిగిందే గాని బలం పెరగలేదు. నీకు కావల్సింది పొడవైతే ఒకటే పొడుగు తీగ ఉన్న బాక్స్ కొనుక్కో. కొనేటప్పుడు ఎన్ని రంగుల లైట్లున్నాయి, ఎన్ని యూఎస్‌బీలున్నాయి అని కాదు, తీగ మందం చూడు, తీగ మీదే రాసి ఉంటుంది. 0.75 చదరపు మిల్లీమీటర్లంటే 6 యాంపియర్ల లెక్క, 1.5 అయితే 16 దాకా వస్తుంది. ఓవర్‌లోడ్ అయితే తనంతట తానే ఆగిపోయే బటన్ ఉన్నది దొరికితే ఇంకా మంచిది. స్పైక్ బస్టర్ అని రాసి ఉంటే చాలనుకోకు, అది వోల్టేజి ఒక్కసారిగా ఎగసినప్పుడు కాపాడేది, లోడు ఎక్కువైతే దానికి పట్టదు. అందులో కాపాడే ముక్క కూడా దెబ్బలు తినితిని అరిగిపోతుంది.

మిగిలిన తీగని ఉండచుట్టి మంచం కింద తోసినట్టున్నావు. చుట్టలో వేడి బయటికి పోదు, పూర్తిగా విప్పి పరుచు. కార్పెట్టు కింద, పరుపు కింద, తలుపు సందులో వద్దు. మూడు పిన్నుల ప్లగ్గుని రెండు రంధ్రాల్లో దూర్చడానికి ఎర్త్ పిన్ను విరగ్గొట్టేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఇస్త్రీ పెట్టె రేకుకి కరెంటు వచ్చినప్పుడు నిన్ను కాపాడేది ఆ ఎర్తే.

సరే, మరి ఏం చెయ్యాలి? ల్యాప్‌టాప్, ఫ్యాను, ఛార్జరు, రౌటరు బాక్స్‌లో ఉండనీ. కెటిలుకి, ఇస్త్రీకి బాక్స్ ప్లగ్ తీసి నేరుగా గోడ పాయింటుకే పెట్టు, ఒకసారికి ఒకటే. అదైనా ముందు గోడ సాకెట్ మీద అంకె చూసి. అది కూడా 6 యాంపియర్లదే అయితే ఆ కెటిలు దానికి సరిపోదు, తక్కువ వాట్లది తెచ్చుకో. ఇబ్బందే, తెలుసు, ల్యాప్‌టాప్ కాసేపు బ్యాటరీ మీద నడుస్తుందిలే.

ఇంటివాళ్లని ఇంకో పాయింటు అడుగుతావేమో, అడుగు. కాని ఉన్న సాకెట్ నుంచే తీగ లాగి పక్కన ఇంకోటి బిగిస్తే ఏం లాభం, అదే వైరు, అదే బరువు. ఎంసీబీలుండే డిస్ట్రిబ్యూషన్ బోర్డు నుంచి విడిగా వైరు వేసి, దానికి వేరే ఎంసీబీ పెట్టించమని చెప్పు. 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ ఉందో లేదో కూడా అప్పుడే చూడమను, మనిషికి షాక్ కొట్టినప్పుడు ఆపేది అది.

ఎప్పుడైనా పొగ వస్తే బాక్స్ దగ్గరికి పోకు, ముందు మెయిన్ ఆపు. నీళ్లు మాత్రం పొయ్యకు. మెయిన్ దగ్గరికి వెళ్లే దారి లేకపోతే బయటికి వచ్చేసి అందర్నీ పిలువు, ల్యాప్‌టాప్ కోసం వెనక్కి వెళ్లకు.

ఇది చదివాక బాక్స్ అడుగున రాసింది, కెటిలు స్టిక్కరు, గోడ సాకెట్, మూడూ ఫోటోలు తీసి పంపు. ఫోకస్ సరిగా ఉండాలి, నా కళ్లజోడు పాతది.

పెదనాన్న