మీటర్ కొనేముందు ఒక్కసారి చదువు అల్లుడూ

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ బండి స్పీడు మీటర్ పాడైందనీ, జయపురంలో ముల్లు మీటర్ ఒకటి నీకు నచ్చిందనీ మీ అమ్మ చెప్పింది. ఇంకా డబ్బు కట్టకపోతే కాస్త ఆగు.

డయల్ అందం తర్వాత చూద్దువుగాని, ముందు దాని మీద సన్నగా 1000 అనో, 1:1.4 అనో రాసుందేమో చూడు. బండి ఒక కిలోమీటరు వెళ్లేసరికి, ముందు చక్రం నుంచి మీటర్‌కి వచ్చే కేబుల్ లోపలి తీగ ఎన్ని చుట్లు తిరగాలన్న లెక్క అది. 1.4 అంటే 1400 చుట్లు. నీ బండి లెక్క ఎంతో ఇంటి ముందే తేల్చుకోవచ్చు. మీటర్ వైపు కేబుల్ విప్పి, లోపలి తీగ కొసకి కాగితం ముక్క అంటించు. ముందు టైరు మీద సుద్దతో గీత గీసి, చక్రం పది చుట్లు తిరిగేదాకా బండిని నెమ్మదిగా తొయ్యి. కాగితం ఎన్నిసార్లు తిరిగిందో పక్కన ఒకరు లెక్కపెట్టాలి. బండి కదిలిన దూరం టేపుతో కొలువు. 19.3 మీటర్లకి 27 చుట్లు వచ్చాయనుకో, కిలోమీటరుకి దాదాపు 1400. ఆ మీటరే కొను.

‘ఏదైనా ఒకటేలే’ అని షాపులో అంటే వినకు. 1000 చుట్లు తిరిగే బండికి 1400 మీటర్ పెడితే, నువ్వు 56లో పోతున్నా ముల్లు 40 దగ్గరే ఉంటుంది. సుంకి ఘాట్ మలుపుల్లో నువ్వు నమ్మేది ఆ ముల్లునే. నా భయమంతా అక్కడే.

విప్పేముందు పాత రీడింగ్ సర్వీసు పుస్తకంలో రాసుకో. కేబుల్ లోపలి తీగకి గ్రీజు పల్చగా రాయి, మీటర్ వైపు కొసన నాలుగు వేళ్ల మేర అసలు రాయొద్దు. కుర్రతనంలో నేను కొసదాకా పూశాను. గ్రీజు మీటర్‌లోకి ఎక్కి, ముల్లు కదలడం మానేసింది. చక్రం ఎక్కించేటప్పుడు మీటర్ గేరు (చక్రం దగ్గర కేబుల్‌ని తిప్పే ముక్క) కొమ్ములు చక్రం నడిమి హబ్ గాడిలో కూర్చున్నాయో లేదో చూశాకే ఇరుసు బిగించు, లేకపోతే విరుగుతాయి. హ్యాండిల్ రెండువైపులా పూర్తిగా తిప్పి, కేబుల్ ఎక్కడా మడత పడట్లేదని చూసుకో. మీటర్ కింద రబ్బరు వాషర్లు మానకు. బల్బు మీ బ్యాటరీ వోల్టులకి సరిపోవాలి.

అయ్యాక సాలూరు, రామభద్రపురం మధ్య తిన్నటి రోడ్డు మీద 40లో నిలకడగా పోనిచ్చి, కిలోమీటరు రాయి నుంచి రాయికి 90 సెకన్లు పడుతోందో లేదో వెనక కూర్చున్నవాళ్ల చేత చూపించు. రెండు మూడు సెకన్లు ఎక్కువైతే పర్లేదు, తక్కువైతే మాత్రం ఆ మీటర్ వాపసు ఇచ్చెయ్.

వీలైతే ఆదివారం ఇటు రా, టేపు, సుద్దముక్క నా దగ్గరున్నాయి. మీటర్ లేని బండి కదా, ఘాట్ రెండో గేరులోనే దిగు.

మీ మామయ్య